చలానా భయంతో కొన్న హెల్మెట్ తలను కాస్తుందా?

నెల్లూరులో గానీ ఒంగోలులో గానీ పోలీసులు హెల్మెట్ తనిఖీలు గట్టిగా మొదలుపెట్టారంటే చాలు, రోడ్డు పక్కన హెల్మెట్ల అంగళ్లు వెలుస్తాయి. ఒక పట్టా పరిచి, కర్రలకు తాడు కట్టి వేలాడదీస్తారు. కొనేవాళ్లు అడిగేది ధర ఒక్కటే. నాలుగు మాటల్లో బేరం తెగిపోతుంది. తనిఖీలు సద్దుమణిగాక ఆ అంగళ్లూ కనబడవు. కొన్న హెల్మెట్ బండి అద్దానికి వేలాడుతూనో, ఇంట్లో అటక మీదో మిగిలిపోతుంది.

ఈ బేరంలోనే అసలు జబ్బు ఉంది. ప్రాణం కాపాడుకోవడానికి అమ్మే వస్తువును మనం పోలీసుకు చూపించడానికి కొంటున్నాం. అడిగినప్పుడు చూపిస్తే చాలు అనుకుని కొనేవాళ్లు ఎక్కువైతే, చూపించడానికి తప్ప దేనికీ పనికిరాని సరుకే మార్కెట్లోకి వస్తుంది. హెల్మెట్ ఒక్కటే కాదు, సీటు బెల్టు, టైరు, బండి ఇన్సూరెన్సు, అన్నిటిదీ ఇదే వరస. ప్రమాదం జరిగాక తప్పు డ్రైవరుదా రోడ్డుదా అని వాదించుకుంటాం. దెబ్బ ఎంత లోతుగా తగులుతుంది, తగిలాక ఆ కుటుంబం కోలుకుంటుందా లేదా అన్నది మాత్రం చాలావరకు అంతకు ముందే, ఏదో ఒక కౌంటరు దగ్గర తేలిపోయి ఉంటుంది. రోడ్డు భద్రతను కొనుగోలుదారుడి హక్కుల వైపు నుంచి కూడా చూడాల్సింది అందుకే.

కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో 1,68,491 మంది రోడ్డు ప్రమాదాల్లో చనిపోయారు. అందులో నూటికి 44 మందికి పైగా టూవీలర్ల మీద వెళ్తున్నవాళ్లే. హెల్మెట్ లేకుండా చనిపోయినవాళ్లు 50,029 మంది. వాళ్లలో 14,337 మంది బండి నడపలేదు, వెనక కూర్చున్నారంతే. ఈ లెక్క హెల్మెట్ ఉందా లేదా అన్నదే చెబుతుంది. హెల్మెట్ పెట్టుకుని కూడా అది మొదటి దెబ్బకే పగిలిపోయినవాళ్ల సంగతి ఇందులో తెలియదు.

హెల్మెట్ లోపల ఏముందో చూడాలి

మంచి హెల్మెట్‌లో పైన గట్టి పెంకు ఉంటుంది. దాని కింద థర్మోకోల్ లాంటి మందపాటి పొర, ఆ లోపల చెమట పీల్చే మెత్తటి గుడ్డ, గడ్డం కింద పట్టీ ఉంటాయి. అందరూ పెంకు రంగు చూస్తారు. తలను కాచేది ప్రధానంగా ఆ థర్మోకోల్ పొర. దాని పని నలిగిపోవడమే.

బండి వేగం సంగతి పక్కన పెడదాం. ఒకటిన్నర మీటరు ఎత్తు నుంచి తల నేలకు తగిలితేనే, ఆ క్షణానికి దాని వేగం గంటకు 19 కిలోమీటర్లు దాటుతుంది. ఆగి ఉన్న బండి మీద నుంచి ఒరిగి పడినా ఇంచుమించు అంతే. తారురోడ్డు లోపలికి దిగదు. ఆ వేగమంతా రెండు మూడు మిల్లీమీటర్లలో ఆగాల్సి వస్తే పుర్రె తట్టుకోలేదు. థర్మోకోల్ పొర నలిగి ఇచ్చేది రెండు సెంటీమీటర్ల చోటు. ఆగే దూరం పదింతలు పెరిగితే తలకు తగిలే బలం దాదాపు పదో వంతుకు తగ్గుతుంది. హెల్మెట్ చేసే పనంతా ఈ రెండు సెంటీమీటర్లలోనే ఉంది. సరైన హెల్మెట్ వల్ల తలకు గాయమయ్యే ప్రమాదం సుమారు 69 శాతం, చనిపోయే ప్రమాదం సుమారు 42 శాతం తగ్గుతాయని వేర్వేరు దేశాల అధ్యయనాలను కలిపి చూసిన పరిశీలనలు తేల్చాయి.

ఇప్పుడు రోడ్డు పక్కన అమ్మే గిన్నెలాంటి సగం హెల్మెట్‌ను చేతిలోకి తీసుకుని, లోపల బొటనవేలితో నొక్కి చూడండి. స్పాంజి అణుగుతుంది, వెంటనే ప్లాస్టిక్ తగులుతుంది. మధ్యలో నలగాల్సిన పొర లేదు. స్పాంజి దెబ్బను ఆపలేదు, తల గీసుకోకుండా మాత్రం చూస్తుంది. పెంకును రెండు చేతుల మధ్య పెట్టి పిండితే వంగుతుంది. పట్టీ క్లిప్పు పెట్టి గట్టిగా లాగితే కొన్నిట్లో ఊడొచ్చేస్తుంది. పట్టీ ఊడే హెల్మెట్, అసలు పట్టీ పెట్టుకోని హెల్మెట్ రెండూ ఒకటే. మనిషి గాల్లో ఉండగానే అది తల వదిలిపోతుంది. తల నేలకు తగిలేది ఆ తర్వాత.

మొలగొలుకుల బియ్యం కొనేటప్పుడు గింజను పంటి కింద వేసి కొరికి చూసే జిల్లా మనది. హెల్మెట్‌ను అలా పరీక్షించే వీలు కొనేవాడికి లేదు. అది నిజంగా పనిచేస్తుందో లేదో తేలేది ఒక్కసారే, అదీ మార్చుకునే అవకాశం లేనప్పుడు. ఇలాంటి వస్తువుల్లో అమ్మేవాడికి అన్నీ తెలుసు, కొనేవాడికి ఏమీ తెలియదు. పోటీ ఉంటే నాణ్యత దానంతట అదే పెరుగుతుందన్న మాట ఇక్కడ చెల్లదు. పోటీ ధర మీదే నడుస్తుంది, నాసిరకం మంచిదాన్ని పక్కకు నెట్టేస్తుంది. కొనేవాడి బదులు ఇంకెవరో పరీక్షించి ముద్ర వేయాలి. ఐఎస్ఐ మార్కు ఉన్నది అందుకే.

టూవీలర్ హెల్మెట్లకు ఐఎస్ఐ మార్కు 2021 జూన్ 1 నుంచి తప్పనిసరి. మార్కు లేని హెల్మెట్ తయారుచేయడం, అమ్మడం, అమ్మకానికి నిల్వ పెట్టడం అన్నీ నేరమే. ఆ మార్కును చూడటానికీ ఒక పద్ధతుంది. ముద్ర పైన ఐఎస్ 4151 అన్న ప్రమాణం నంబరు, కింద సీఎం/ఎల్ అని మొదలయ్యే లైసెన్సు నంబరు ఉండాలి. ఆ లైసెన్సు నంబరును ఫోన్లో భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) వాళ్ల బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే ఏ కంపెనీది, లైసెన్సు ఇంకా చెల్లుతుందా అన్నది వచ్చేస్తుంది. పేరు ఒకటి, యాప్ చూపించేది ఇంకొకటి అయితే ఆ మార్కు దొంగదే. ఉత్త ఐఎస్ఐ స్టిక్కర్ ప్రింటు కొట్టించడం ఏమంత కష్టం కాదు, అందుకని ముద్ర కనబడగానే తృప్తి పడొద్దు. బాగా దెబ్బ తిన్న హెల్మెట్‌ను, పైకి చీలిక కనబడకపోయినా, మళ్లీ వాడకూడదు. లోపలి పొర ఒకసారి నలిగితే తిరిగి లేవదు.

దెబ్బ తినేది ఎవరు?

హెల్మెట్ లేకపోతే మోటారు వాహనాల చట్టం 194డి సెక్షన్ కింద వెయ్యి రూపాయల జరిమానా, మూడు నెలల లైసెన్సు సస్పెన్షన్. మార్కు లేని సరుకు అమ్మినవాడికి బీఐఎస్ చట్టం ప్రకారం మొదటి తప్పుకే రెండేళ్ల దాకా జైలు, లేదా రెండు లక్షలకు తగ్గని జరిమానా, లేదా రెండూ పడొచ్చు. చట్టంలో పెద్ద దెబ్బ అమ్మినవాడికే ఉంది. రోడ్డు మీద మాత్రం దెబ్బ తినేది కొన్నవాడే. 2025 జూన్ నాటికి దేశం మొత్తంలో హెల్మెట్ల తయారీకి చెల్లుబాటయ్యే లైసెన్సు ఉన్న కంపెనీలు 176. అంతకు ముందు ఆర్థిక సంవత్సరంలో జరిపిన సోదాలు 30కి పైగా అని కేంద్ర ప్రభుత్వమే ప్రకటించింది. ఇంత పెద్ద దేశానికి 30 చిల్లర సోదాలు ఏ మూలకు? ఢిల్లీలో ఒక సోదాలో లైసెన్సు గడువు తీరిన, రద్దయిన తొమ్మిది తయారీదారుల దగ్గర 2,500కు పైగా హెల్మెట్లు పట్టుబడ్డాయంటే, వెతికితే ఎంత దొరుకుతుందో ఊహించవచ్చు.

చలానా రాసే పోలీసు బృందంతో పాటు తూనికలు కొలతల శాఖ నుంచో, బీఐఎస్ నుంచో ఒక మనిషి వస్తే, అదే రోడ్డులో అమ్మే సరుకును అక్కడికక్కడే చూడొచ్చు. ఇద్దరూ కలిసి రాకపోతే కూలికి పోయి వచ్చేవాడు మొదట వెయ్యి కట్టి, తర్వాత మూడొందలో నాలుగొందలో పెట్టి ఏమీ కాయని గిన్నె కొనుక్కుని, భద్రంగా ఉన్నాననే భ్రమతో ఇంటికి పోతాడు. జరిమానా వసూలైంది, తల మాత్రం ఎప్పటిలాగే ఉంది. ఇది అన్యాయం.

కొత్త బండి కొంటున్నవాళ్లు మరో సంగతి తెలుసుకోవాలి. బండి అమ్మేటప్పుడే బీఐఎస్ ప్రమాణాలున్న హెల్మెట్ తయారీదారు ఇవ్వాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 138వ నిబంధన చెబుతోంది. షోరూమ్ వాళ్లు తమంతట తాముగా చెప్పకపోతే అడగాలి. విడిగా డబ్బు రాస్తే ఎందుకని అడగాలి. తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ల లోపు పిల్లల్ని బండి మీద తీసుకెళ్తే వాళ్లకూ హెల్మెట్, నడిపేవారికి కట్టి ఉంచే బెల్టు ఉండాలని, వేగం 40 కిలోమీటర్లు దాటకూడదని 2023 ఫిబ్రవరి 15 నుంచి నిబంధన ఉంది. బడి గంట కొట్టే వేళకు ముందు ట్యాంకు మీద ఒకరిని, వెనక ఇద్దరిని కూర్చోబెట్టుకుని పోయే తండ్రులను ఏ ఊళ్లో అయినా చూస్తాం. పిల్లల సైజు హెల్మెట్ చిన్న ఊళ్లలో దొరకదు, నిజమే. అడిగేవాళ్లు పెరిగితే తెప్పించి పెడతారు.

బిల్లు లేకపోతే హక్కు గాల్లో దీపమే

2020 జులై 20 నుంచి అమల్లోకి వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం, లోపమున్న వస్తువు వల్ల మనిషికి గాయమైతే నష్టపరిహారం అడిగే హక్కు ఇచ్చింది. తయారీదారు ఎవరో తెలియకపోతే కొన్ని సందర్భాల్లో అమ్మినవాడే బాధ్యుడవుతాడు. బిల్లు ఇవ్వకపోవడాన్ని కూడా ఈ చట్టం అక్రమ వ్యాపార పద్ధతిగానే లెక్కేస్తుంది. కాగితం మీద ఇదంతా బాగానే ఉంది. కానీ పట్టా పరిచి అమ్మినవాడు రేపు అక్కడ ఉండడు, వాడి దగ్గర కొన్నట్టు ఆధారమూ ఉండదు. అందుకే హెల్మెట్ షాపులో కొనాలి, బిల్లు మీద కంపెనీ పేరు, మోడల్ రాయించుకోవాలి. ఫోన్లో ఆ బిల్లు ఫొటో తీసి పెట్టుకుంటే పదేళ్లయినా పోదు.

నెల్లూరులో, ఒంగోలులో జిల్లా వినియోగదారుల కమిషన్లు ఉన్నాయి. వస్తువుకు లేదా సేవకు కట్టిన డబ్బు 50 లక్షల లోపుంటే అక్కడే ఫిర్యాదు వేయొచ్చు, 5 లక్షల వరకు ఫీజు లేదు. కంపెనీ చెన్నైలో ఉన్నా ముంబైలో ఉన్నా ఫిర్యాదుదారు ఉండే జిల్లాలోనే వేసుకోవచ్చు. గడువు రెండేళ్లు. లాయరు తప్పనిసరి కాదు. అంతదాకా పోకుండా 1915కు ఫోన్ చేసినా ఫిర్యాదు నమోదవుతుంది.

ఈ చట్టం చేతికి వస్తే ఏం జరుగుతుందో సీటు బెల్టు క్లిప్పుల వ్యవహారం చూపించింది. బెల్టు పెట్టుకోకుండానే కారు బీప్ శబ్దం ఆపడానికి బకిల్‌లో గుచ్చే చిన్న ఇనుప ముక్కలివి. ఆన్‌లైన్‌లో యథేచ్ఛగా అమ్మారు. 2023 మే నెలలో కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ ఐదు ఈ-కామర్స్ కంపెనీల మీద ఆదేశాలిచ్చి 13,118 లిస్టింగులు తీయించింది. ఎవరూ చనిపోయే దాకా ఆగలేదు, కోర్టుల చుట్టూ తిరగలేదు. వస్తువు ప్రమాదకరమని తేల్చి అమ్మకం ఆపించారు. నాసిరకం హెల్మెట్ల మీద ఇదే పట్టుదల చూపిస్తే ఎన్ని ప్రాణాలు మిగులుతాయో!

టైర్ల సంగతి చెప్పాల్సింది కొంచెమే. బటన్లు అరిగి గుండైన టైరు వానలో రోడ్డును పట్టదు. టూవీలర్‌కు 0.8 మిల్లీమీటర్లు, కారుకు 1.6 మిల్లీమీటర్లు గాడి లోతు ఉండాలని నిబంధన. పాత స్టాకు అంటగడుతున్నారేమో చూసుకోవాలంటే టైరు పక్కన డీఓటీ అక్షరాల వరసలో చివరి నాలుగు అంకెలు చదవాలి. 3221 అని ఉంటే 2021లో 32వ వారంలో తయారైనదని అర్థం. కొత్తదని చెప్పి ఐదారేళ్ల కిందటి టైరు ఇస్తే వద్దనే హక్కు కొనేవాళ్లకు ఉంది.

ఇన్సూరెన్సు ఉందంటే ఎవరికి ఉన్నట్టు?

హెల్మెట్ మోసం కళ్లకు కనబడుతుంది. ఇన్సూరెన్సు విషయంలో మోసపోయామని తెలిసేది ఆస్పత్రి బిల్లు చేతికొచ్చాకే. ఇక్కడా కొనుగోలు తనిఖీ కోసమే జరుగుతుంది. బండికి ఇన్సూరెన్సు అయిపోయిందని గుర్తొచ్చేది హైవే మీద ఖాకీ చొక్కా కనబడినప్పుడు. అన్నిటికన్నా తక్కువకు వచ్చే థర్డ్ పార్టీ పాలసీ తీసుకుని, ఫోన్లో పీడీఎఫ్ పెట్టుకుని, ఫుల్ ఇన్సూరెన్సు ఉందని అనుకుంటారు.

ఆ పీడీఎఫ్ మొదటి పేజీ నిదానంగా చదవండి. పైన ‘లయబిలిటీ ఓన్లీ’ అని ఉంటే, మన బండి వల్ల బయటివాళ్లకు జరిగే నష్టానికే అది చెల్లుతుంది. కందుకూరు నుంచి సింగరాయకొండ రైలు స్టేషనుకు భార్యను ఎక్కించుకుని పోతున్న మనిషి బండికి గేదె అడ్డం వచ్చి ఇద్దరూ పడ్డారనుకుందాం. వేరే వాహనం ఏదీ లేదు. వెనక కూర్చున్న ఆమె తొడ ఎముక విరిగింది. థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే ఉంటే ఆమెకు ఇన్సూరెన్సు కంపెనీ నుంచి ఏమీ రాదు. టూవీలర్ వెనక ఉచితంగా కూర్చున్న మనిషికి చట్టం తప్పనిసరి చేసిన పాలసీ వర్తించదని సుప్రీంకోర్టు 2006లోనే తేల్చింది. ప్యాకేజీ పాలసీ, అంటే మామూలుగా కాంప్రెహెన్సివ్ అనేది ఉంటే వెనక కూర్చున్నవాళ్లకూ వర్తిస్తుంది. నడిపే ఓనరుకు 15 లక్షల పర్సనల్ యాక్సిడెంట్ కవర్ విడిగా ఉంటుంది, పాలసీలో ఆ గడి నిండి ఉందో ఖాళీగా ఉందో చూసుకోవాలి. బండి వెనక ఎక్కువగా కూర్చునేది ఇంట్లో ఆడవాళ్లు, పిల్లలు. వాళ్లకు ఏమీ వర్తించని పాలసీ కొని ‘ఇన్సూరెన్సు ఉంది’ అనుకోవడం ఎంత ప్రమాదమో ఏజెంట్లు చెప్పరు. చెప్పాల్సిన బాధ్యత మాత్రం వాళ్లదే. ఫుల్ ఇన్సూరెన్సు అని చెప్పి థర్డ్ పార్టీ అంటగడితే అది సేవాలోపమే. దాని మీద వినియోగదారుల కమిషన్‌కు పోవచ్చు. పైసా ఖర్చు లేకుండా హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కూ రాయొచ్చు.

ఇంతకన్నా పెద్ద గాయం కూలీల బండ్లది. డిసెంబరులో నెల్లూరు డెల్టాలో నాట్లు, ఆ తర్వాత ప్రకాశంలో పొగాకు పనులు, మిరప కోతలు. తెల్లవారక ముందే మేస్త్రి మాట్లాడిన ఆటో ఊరి మధ్యకు వస్తుంది. లోపల పట్టినంత మంది కూర్చుంటారు, మిగిలినవాళ్లు వెనక డాలా మీద కాళ్లు వేలాడేసి కూర్చుంటారు. సద్ది క్యారేజీలు కమ్మీలకు వేలాడుతుంటాయి. ఆటో దొరక్కపోతే ట్రాలీ ఆటో, లేదంటే ట్రాక్టర్ ట్రక్కు. 2020 మే నెలలో ప్రకాశం జిల్లా నాగులుప్పలపాడు మండలంలో మిరప కోతల నుంచి వస్తున్న కూలీల ట్రాక్టర్ కరెంటు స్తంభాన్ని ఢీకొట్టి, తీగలు తెగిపడి కూలీలు చనిపోయిన ఘటన జిల్లా మరచిపోలేదు.

ఇలాంటి ప్రమాదం జరిగినప్పుడు పరామర్శలు, తక్షణ సాయం ప్రకటనలు వస్తాయి. కోర్టులో ఏం జరుగుతుందో ఎవరూ మాట్లాడరు. సరుకు బండిలో ప్రయాణించే మనుషులకు తప్పనిసరి ఇన్సూరెన్సు వర్తించదని సుప్రీంకోర్టు 2003లో స్పష్టం చేసింది. సరుకు యజమాని, అతని తరఫు మనిషి మాత్రమే ఇందుకు మినహాయింపు. పొలానికి కూలికి పోయే ఆడమనిషి ఆ రెండింట్లో దేనికిందా రాదు. ట్రాలీ ఆటో, ట్రాక్టర్ ట్రక్కు రెండూ సరుకు బండ్లే. ముందు కంపెనీ కట్టి తర్వాత ఓనరు దగ్గర రాబట్టుకోవాలని కొన్ని కేసుల్లో కోర్టులు చెప్పాయి గానీ, అది హక్కుగా అడిగేది కాదు. కంపెనీ తప్పుకుంటే పరిహారం కట్టాల్సింది బండి ఓనరు. ఆ ఓనరు కూడా కిస్తీలు కట్టుకుంటూ బతికే మనిషే అయితే, తీర్పు కాగితం చేతిలో పెట్టుకుని కుటుంబం ఎవరి గడప తొక్కాలి?

ప్యాసింజర్ ఆటో అయితే పర్వాలేదనుకుంటారు. అందులోనూ ఒక మెలిక ఉంది. పరిమితికి మించి జనాన్ని ఎక్కించిన బండి విషయంలో సుప్రీంకోర్టు 2007లో ఒక లెక్క చెప్పింది. పాలసీ ఎంతమందికి ఉందో అంతమంది పరిహారం వరకే కంపెనీ కడుతుంది. కోర్టు ఇచ్చిన పరిహారాల్లో అన్నిటికన్నా పెద్దవి ఆ సంఖ్య మేరకు తీసుకుని, కూడి, ఆ మొత్తాన్ని బాధితులందరికీ పంచాలి. ముగ్గురికి పాలసీ ఉన్న ఆటోలో పన్నెండు మంది దెబ్బతింటే, ముగ్గురి డబ్బును పన్నెండు మందికి పంచుతారన్నమాట. మిగతాది ఓనరు దగ్గర వసూలు చేసుకోవాలి. ఒక్కో మనిషి అదనంగా ఎక్కేకొద్దీ అప్పటికే లోపల కూర్చున్నవాళ్ల రక్షణ తరిగిపోతుంది. ఈ సంగతి ఆ ఆటోలో ఎంతమందికి తెలుసు?

కూలికి పోయే మనిషిని ‘నువ్వెందుకు ఎక్కావు’ అని అడగడం తప్పు. ఆ బండి ఎక్కకపోతే ఆ రోజు కూలి లేదు. పైగా చాలాచోట్ల ఆటో చార్జీ కూలిలోంచే పోతుంది కాబట్టి, ఆ ప్రయాణానికి డబ్బు కట్టింది ఆమే. అడగాల్సింది బండి మాట్లాడే మేస్త్రిని, పని ఇచ్చే రైతును. మేస్త్రి చూడాల్సింది ఎన్నో కాదు. ఆర్‌సీలో సీట్లు ఎన్ని, పాలసీలో ప్యాసింజర్లు ఎంతమంది, తేదీ దాటిపోయిందా, ఈ మూడు. ఇరవై మందికి పని ఉన్నప్పుడు ఒక ఆటోలో కుక్కకుండా రెండు ట్రిప్పులు తిప్పితే పెరిగే ఖర్చును రైతు, మేస్త్రి పంచుకోవచ్చు. రవాణా శాఖ వైపు నుంచి చూస్తే, కోతల రోజుల్లో ఆటో ఆపి అదనపు మనిషికి రెండొందల చొప్పున జరిమానా రాయడంతో పని అయిపోదు. ఆ తెల్లవారుజామున, ఆ ఊళ్ల మధ్య నడిచే బస్సు లేనంత కాలం కూలీలు మళ్లీ అదే బండి ఎక్కుతారు. పంట పనుల నెలల్లో తెల్లవారుజాము, సాయంత్రం ఆర్టీసీ సర్వీసులు వేయమని పంచాయతీలు తీర్మానం చేసి పంపడం ఒక దారి. ప్రతి ఏడూ వచ్చే పనులే కాబట్టి ముందుగా ప్లాన్ చేయడం కష్టమేమీ కాదు.

దెబ్బ తగిలాక

హైవే మీద అయితే 1033, ఎక్కడైనా 108. గాయపడినవాళ్లను ఆస్పత్రికి చేర్చిన మనిషిని పోలీసులు గానీ ఆస్పత్రి గానీ వేధించకూడదని మోటారు వాహనాల చట్టంలో 2019 సవరణతో చేర్చిన 134ఎ సెక్షన్ చెబుతోంది. పేరు చెప్పమని బలవంతం చేయడానికీ లేదు. కేసులో ఇరుక్కుంటామన్న టెన్షన్‌తో చూసీ చూడనట్టు పోయేవాళ్లకు ఈ ఒక్క మాట చెప్పగలిగితే చాలు. 2025 మేలో వచ్చిన కేంద్ర పథకం ప్రకారం, ఎంపిక చేసిన ఆస్పత్రుల్లో ప్రమాదం జరిగిన రోజు నుంచి ఏడు రోజుల వరకు, లక్షన్నర రూపాయల దాకా నగదు కట్టకుండా చికిత్స పొందొచ్చు. అడ్వాన్సు కడితేనే చేర్చుకుంటామని అంటే ఈ పథకం పేరు చెప్పి అడగాలి.

గుద్దిన వాహనం దొరక్కుండా పోతే చనిపోయినవాళ్ల కుటుంబానికి 2 లక్షలు, తీవ్రంగా గాయపడినవాళ్లకు 50 వేలు వస్తాయి. దరఖాస్తు ప్రమాదం జరిగిన ప్రాంతపు రెవెన్యూ అధికారికి ఇవ్వాలి. జాతీయ రహదారి మీద రాత్రిపూట గుద్ది పోయిన లారీ నంబరు ఎవరూ చూడని కేసుల్లో, రావాల్సిన ఈ డబ్బు కూడా అడగని కుటుంబాలు ఉంటున్నాయి. వాహనం తెలిస్తే తప్పు ఎవరిదన్న వాదనతో పనిలేకుండా 164 సెక్షన్ కింద మరణానికి 5 లక్షలు, తీవ్ర గాయానికి రెండున్నర లక్షలు అడగొచ్చు. తప్పు నిరూపించి పూర్తి పరిహారం కావాలనుకుంటే 166 సెక్షన్ కింద మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో కేసు వేయాలి. దానికి చట్టం ఆరు నెలల గడువు పెట్టింది. కర్మకాండలు, అప్పులు, ఆపరేషన్ల మధ్య ఆరు నెలలు ఇట్టే గడిచిపోతాయి. దర్యాప్తు చేసే పోలీసు అధికారి పది రోజుల్లోపు బాధితుల హక్కులు తెలిపే ఫారం-2 ఇవ్వాలి, ఇవ్వకపోతే అడిగి తీసుకోవాలి. ఎఫ్ఐఆర్ కాపీ, ఆస్పత్రి బిల్లులు, మందుల చీటీలు, కూలి లేదా జీతం ఎంతో చూపించే ఏదో ఒక కాగితం మొదటి రోజు నుంచే ఒక కవర్లో పెట్టుకోవాలి. రోజు కూలికి ఆధారం లేదని చెప్పి ట్రిబ్యునళ్లు ఆదాయాన్ని తక్కువగా కట్టిన కేసులు చాలా ఉన్నాయి. ఉపాధి హామీ జాబ్ కార్డులో, బ్యాంకు పాసుబుక్కులో కూలి జమ అయిన ఎంట్రీలు అక్కడ బాగా పనికొస్తాయి.

ఆస్పత్రి వార్డులోనే కార్డు ఇచ్చి, ‘ఖర్చంతా మేమే పెడతాం, వచ్చినదాంట్లో ఇంత శాతం మాకు’ అనే బ్రోకర్లు ఈ జిల్లాల్లోనూ ఉన్నారు. వచ్చే పరిహారంలో వాటాగా ఫీజు మాట్లాడుకోవడాన్ని బార్ కౌన్సిల్ నిబంధనలు నిషేధించాయి. లాయరును నేరుగా కలిసి, ఫీజు ఎంతో కాగితం మీద రాయించుకోవాలి. ఖాళీ వకాలతు, ఖాళీ చెక్కు మీద సంతకం పెట్టొద్దు. డబ్బు కట్టుకునే స్తోమత లేనివాళ్లకు, ఆడవాళ్లకు, ఎస్సీ ఎస్టీలకు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది. ఆ ఆఫీసు నెల్లూరులోనూ ఒంగోలులోనూ జిల్లా కోర్టు ఆవరణలోనే ఉంటుంది.